పుట్టింటి జ్వరం

బెళుగుప్పకు అవతల ఉన్న నల్లదిమ్మె మండలంలో ఈ ఏడు డెంగీ రాదని అధికారికంగా తేలిపోయింది. తేల్చినవాడు ఆరోగ్య కార్యాలయంలో కంప్యూటరు ముందు కూర్చునే కేశవ. జబ్బు ఎంత పాకుతుందో ముందే చెప్పే ఎక్సెల్ షీటు కావాలని పైనుంచి ఆదేశం రాగా, తిండీ నిద్రా మాని తయారుచేశాడు.

షీటును వేలెత్తి చూపడానికి లేదు. దోమ పుట్టాలంటే నీళ్లుండాలి. చెరువులో కుర్రకారు క్రికెట్ ఆడుతున్నారు, వాగు ముసలివాళ్ల కబుర్లలోనే పారుతోంది. కాబట్టి నీళ్ల గడిలో కేశవ సున్నా వేశాడు. దాంతో గుణించగానే దోమలూ జ్వరాలూ అన్నీ సున్నా అయిపోయాయి. కరువు ఇంత ఉపకారి అని మనకెవరికీ ఇన్నాళ్లూ తట్టలేదు. కుళాయి మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియక జనం ఇంటింటి ముందూ డ్రమ్ములు నింపి పెట్టుకున్నారు గానీ, వాటికి షీటులో గడి లేదు.

దోమలకు పొగపెట్టే బండి ఇక దండగని గుంతకల్లుకు పంపించేసి, అధికారి నాగేశ్వర కేశవకు సన్మానం ప్రకటించారు.

సన్మానం రెండు రోజులుందనగా కేశవ భార్య పుష్పావతి జ్వరంతో పడిపోయింది. రక్తపరీక్షలో డెంగీ అని వచ్చింది. ఆసుపత్రిలో మంచం ఇవ్వాలంటే కేసు షీటులోకి ఎక్కాలి. ఎక్కితే మండలం సున్నా పోతుంది. కేశవ పరుగున వెళ్లి అధికారి ముందు నిలబడ్డాడు.

నాగేశ్వర నిదానంగా ఆలోచించారు. “ఏమప్పా, నీ భార్య పుట్టినూరు యాడ?”

“గుంతకల్లు సార్.”

“ఇంకేమప్పా. జ్వరం పుట్టింటి నుంచి తెచ్చుకునింది. ఆ ఊరి లెక్కలో ఎక్కించు.”

పుష్పావతికి మంచం దొరికింది. ఆమె మాత్రం మూలుగుతూనే, “నేను పుట్టింటికి పోయి మూడేండ్లాయ. జ్వరం ఒక్కటే పోయొచ్చిందా?” అనింది. కేశవకు సిగ్గేసింది. అయినా మంచం దక్కిందన్న సంతోషం అంతకంటే పెద్దది.

ఆ ఉపాయమే ఆదేశమై మండలమంతటా అమలైంది. కోడళ్ల జ్వరాలు పుట్టిళ్లకు, మగవాళ్ల జ్వరాలు అత్తగారిళ్లకు జమ అయ్యాయి. మేనరికాలతో, ఉన్న ఊళ్లోనే పిల్లనిచ్చి పుచ్చుకున్న కుటుంబాలు కాస్త చిక్కు తెచ్చిపెట్టాయి. వాళ్లవి వడదెబ్బలుగా నమోదు చేశారు.

సన్మాన సభలో నాగేశ్వర, అంటువ్యాధిని అంకెలతోనే అంతమొందించిన మేధావి అని కేశవను కొనియాడి శాలువా కప్పారు. కేశవ దాన్ని గట్టిగా చుట్టుకున్నాడు. పళ్లు టకటకమంటున్నాయి. నుదుటి మీద చెయ్యేసి చూసిన నాగేశ్వర, మైకు మూసి, “నీ అత్తగారిల్లు గుంతకల్లే గదప్పా?” అన్నారు. కేశవ తలూపాడు.

ముందు వరుసలో ఎవరో చప్పట కొట్టారు. వెంటనే సభంతా చప్పట్లతో మారుమోగింది. మొదటాయన కొట్టింది దోమను. మనం మాత్రం మనస్ఫూర్తిగా కొట్టాం.