కుళ్ళాయమ్మ చెప్పినట్టు నడిచిన ట్యాంకర్

ఆ రోజు పొద్దున మసూద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. హిందూపురంలో పామాయిల్ దించేసిన ఖాళీ ట్యాంకర్ తీసుకుని బయలుదేరాలి. పెనుకొండ దాటాక పొగమంచులో అరగంట నడపాలి. ఆ అరగంటా ఫోన్‌లో ఒక దొర చూసి, మెచ్చుకుని, ఉద్యోగం ఇవ్వాలి.

దొర ఎక్కడో చలిదేశంలో ముడిచమురు బావుల దగ్గర ట్యాంకర్ డ్రైవర్లను ఎంపిక చేసే అధికారి. అక్కడ ఆరు నెలలు రోడ్లు గడ్డకట్టి ఉంటాయట. అందుకని, చలికాలపు దారిలో ఎలా నడుపుతావో చూపించమన్నాడు. వచ్చే నెల మసూద్‌కు నలభై నిండుతాయి. నిండాక ఆ కంపెనీ ఎవరినీ ఎంపిక చేయదు. పదిహేనేళ్లుగా ఇంకొకరి బండి తోలుతున్నవాడికి ఇదే ఆఖరి అవకాశం.

"చలికాలం వాళ్ళకేనా, మనకు రాలేదా?" అని ధైర్యం చెప్పింది భార్య ఫరీన్. పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పే ఆమె ఫోన్ పట్టుకుని పక్క సీట్లో కూర్చుంది. దొర మాట మసూద్‌కు, మసూద్ మాట దొరకు చేరవేయడం ఆమె పని.

తీరా పెనుకొండ దాటితే ఎండ ఫెళ్ళుమంటోంది.

"బుక్కపట్నం దోవ పట్టు. చెరువు పక్కన మంచు ఉంటాది" అంది ఫరీన్.

ఉంది కూడా. మందపాటి కోటులో దొర ఫోన్‌లో ప్రత్యక్షమయ్యాడు. మసూద్ లైట్లు వేశాడు, హారన్ కొట్టాడు, పెళ్ళికొడుకులా మెల్లగా కదిలాడు. పది నిమిషాలు దివ్యంగా గడిచాయి. తర్వాత ఒక మలుపులో రోడ్డు మాయమైంది.

రోడ్డు నిండా ఉలవ చెట్లు పరిచి ఉన్నాయి. ఆ కాలంలో ఆ పక్క ఇది మామూలే. రైతులు కోసిన పంట తారు రోడ్డు మీద పరుస్తారు, వచ్చేపోయే చక్రాలే నూర్పిడి చేసిపెడతాయి. మిగతా రోజుల్లో మసూద్ కూడా కళ్ళు మూసుకుని తొక్కించుకుంటూ పోయేవాడే. కానీ దారిలో ఏది అడ్డొచ్చినా ఆపాలని దొర ముందే చెప్పాడు. ఆపాడు.

పొగమంచులోంచి చెట్లు తిరగేసే పంగలకర్ర పట్టుకుని ఒక ముసలామె ఊడిపడింది. పేరు కుళ్ళాయమ్మ, ఆ ఉలవలు ఆమెవే.

"ఏమప్పా, ఆగితివి? ఎక్కించు!"

"అవ్వా, నాకు పరీక్ష జరుగుతాండాది. రవ్వంత పక్కకు తియ్యి."

"తీసేదానికా నేను తెల్లార్తో లేసి పరిచింది?"

ఆమె ఎవరని దొర అడిగాడు. రోడ్డు మీద పంట నూర్చుకుంటారని చెబితే మన పరువేం కానని ఫరీన్‌కు భయం వేసింది. "రోడ్ల శాఖ ఆఫీసర్ సార్" అనేసింది.

దొర ముఖం విప్పారింది. వాళ్ళ దేశంలోనూ టైర్లు జారకుండా సిబ్బంది రోడ్డు మీద కంకర చల్లుతారట. ఆఫీసర్ సైగ చేసినట్టే డ్రైవర్ నడవాలి, మార్కులన్నీ దానికేనన్నాడు.

"ఏమంటాండాడు?" అన్నాడు మసూద్.

"ఆ యవ్వ చెప్పినట్టు చెయ్యాలంట."

కుళ్ళాయమ్మ నలభై ఏళ్ళుగా బండ్లను అదిలిస్తోంది. ఒక్కటీ ఆమె మాట విన్న పాపాన పోలేదు. ఇప్పుడు ముందుకని చెయ్యి చూపితే ఇంత పెద్ద ట్యాంకర్ ముందుకు పోయింది, వెనక్కంటే వెనక్కి వచ్చింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"తమ్ముడా, అంజనప్పా! నీ ఉలవలు గూడా ఎత్తుకోని రా! ఈ బండి ఏం చెప్పినా ఇంటాది!"

అంజనప్ప ట్రాక్టర్‌తో తెచ్చి పరిచాడు. ముందుకూ వెనక్కూ తొక్కిస్తూ ఎనిమిదో రౌండుకు వచ్చేసరికి ధర్మవరం బస్సు వెనక చిక్కుకుంది. జనం దిగి గుమిగూడారు. ఇంత సిబ్బందా అని దొర ఆశ్చర్యపోయాడు.

"చలికాలం స్పెషల్ డ్యూటీ సార్" అంది ఫరీన్.

తొమ్మిదో రౌండులో నలిగిన చెట్ల మీద వెనక చక్రాలు సర్రున జారాయి. ట్యాంకర్ అడ్డం తిరిగి, చెరువు గట్టుకు మూరెడు దూరంలో ఆగింది. మసూద్ ఒళ్ళంతా చెమట. ఈ డ్రైవర్ ఎలాంటివాడో ఆఫీసర్నే అడగమన్నాడు దొర. ఆమె చెప్పిందే తాను రాసుకుంటాడట.

మసూద్ కిటికీలోంచి రెండు చేతులూ జోడించాడు. కుళ్ళాయమ్మ అటు చూడనైనా చూడలేదు.

"వీడేం డ్రైవరమ్మా! పొమ్మంటే ముందూ ఎనకా చూసుకోని పోతాడు. అంగుళం జరిగేదానికి హారన్ కొడతాడు. మడిసి కనపడితే చాలు ఆగిపోతాడు. ఇట్లా భయపడి సచ్చేటోణ్ణి నా జన్మలో చూడలే!"

అబద్ధాలాడి ఫరీన్‌కు అప్పటికే నోరెండిపోయింది. జరిగేది జరగనీ అని, ఉన్నది ఉన్నట్టు, ఒక్క మాట పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పేసింది.

దొర లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇలాంటి డ్రైవర్ కోసమే మూడేళ్ళుగా వెతుకుతున్నాడట. మసూద్ స్టీరింగ్ మీద తల ఆన్చి, ఆనందం పట్టలేక ఏడ్చేశాడు.

సాయంత్రం కంపెనీ నుంచి ఫోన్‌కు ఉత్తరం వచ్చింది. ఉద్యోగం ఖాయం, నెల తర్వాత ప్రయాణం. షరతు ఒక్కటే, అంతవరకూ రోజూ పొద్దున అదే ఆఫీసర్ దగ్గర శిక్షణ తీసుకోవాలి.

కుళ్ళాయమ్మకు ఇంకా నాలుగెకరాల ఉలవ కోత మిగిలే ఉంది.