సౌకర్యం లేని సభ్యురాలు

ఇక మీదట ఇంటర్నెట్ అందని మనిషంటూ ఒక్కరు కూడా మిగలకూడదని మంత్రిగారు ఒక మంగళవారం ఉదయం పదకొండు గంటలకు నిర్ణయించారు. పదకొండున్నరకల్లా విలేకరుల్ని పిలిచి ప్రకటించేశారు. ఆయన పనితీరే అంత.

"బ్రాడ్‌బ్యాండ్ గాలి లాంటిది, నీరు లాంటిది. ప్రతి గడపకీ చేరాల్సిందే. ఇందులో రాజీ లేదు. అందుకే యుద్ధప్రాతిపదికన..." అని ఆగి మంచినీళ్లు తాగారు. కేబుళ్లు లాగిస్తారు కాబోలని విలేకరులు పెన్నులు సవరించుకున్నారు. "...ఒక సలహా మండలిని ఏర్పాటు చేస్తున్నాం," అని ముగించారు మంత్రిగారు.

ఈ మహత్తర ప్రకటనని ఇంటర్నెట్లో ప్రత్యక్ష ప్రసారం చేశారు. ఇంటర్నెట్ లేనివాళ్లు తప్ప అందరూ చూశారు.

వంతెన అవతలి ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రం నడిపే నర్సమ్మకి ఈ సంగతి ఆరో రోజున, పోస్టులో తెలిసింది. ఆమెని మండలిలో 'సౌకర్యం లేని ప్రాంతాల ప్రతినిధి'గా తీసుకున్నారట. మూడు రోజుల్లోగా ఆన్‌లైన్లో ఒప్పుకోలు తెలపకపోతే ఆసక్తి లేదని భావిస్తారట. గడువు దాటి అప్పటికే మూడు రోజులైంది.

"ఇంతమంది జనంలో నీ పేరే ఎలా దొరికిందే వాళ్లకి?" అంది అత్తగారు, ఉత్తరాన్ని వెలుతురుకి పెట్టి చూస్తూ.

దొరకడానికి కారణముంది. నర్సమ్మ రెండేళ్లుగా కేబుల్ శాఖ ఆఫీసుకి అర్జీలు పెడుతూనే ఉంది. ఇంటర్నెట్ లేనివాళ్ల జాబితా కావాలని పైనుంచి అడిగితే, కింది గుమాస్తా బీరువా తెరిచి చూశాడు. అందులో పదకొండు అర్జీలున్నాయి, పదకొండూ ఈవిడవే. జాబితా తయారైపోయింది.

ఆ అర్జీలన్నీ ఒక యంత్రం గురించి. గుండె పరీక్ష చేసే యంత్రం. రోగి ఛాతీకి తీగలు అతికిస్తే గుండె నడకని గీసి, ఇంటర్నెట్ మీదుగా నగరంలోని గుండె డాక్టరుకి పంపుతుంది. ఆయన పది నిమిషాల్లో ఏ ఇంజెక్షన్ ఇవ్వాలో చెబుతాడు. నర్సమ్మ దగ్గర యంత్రం ఉంది, ఇంజెక్షన్ ఉంది, నగరంలో డాక్టరూ ఉన్నాడు. మధ్యలోదే లేదు.

కిందటి వానాకాలం వడ్రంగి బాబాయ్ చిత్రిక పడుతూ పడుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆయన్ని ట్రాక్టరులో వేసి, యంత్రం గీసిన కాగితం చేత్తో పట్టుకుని, మూడు గంటలు ప్రయాణం చేసి పట్నం ఆసుపత్రికి చేర్చింది నర్సమ్మ. అప్పటికి నొప్పి తగ్గిపోయింది. అక్కడి కుర్ర డాక్టరు పొట్ట నొక్కి చూసి గ్యాస్ అన్నాడు. ఊరంతా నెలరోజులు నవ్వింది. "చచ్చినా ఇంకోసారి ట్రాక్టరెక్కి గ్యాస్ కోసం ఊరేగను," అని బాబాయ్ ఒట్టు పెట్టుకున్నాడు. కానీ ఆ కాగితంలో ఒక వంపు నర్సమ్మకి నచ్చలేదు. నచ్చకపోవడం వరకే ఆమె చదువు. అదేమిటో తేల్చడం గుండె డాక్టరు చదువు. ఆయనేమో, నొప్పి వచ్చినప్పుడే గీసి అప్పటికప్పుడే పంపమంటాడు.

అందుకని ఆమె పట్నం బస్సెక్కి, నెట్ సెంటర్లో కూర్చుని, గడువు దాటిన ఒప్పుకోలుని బతిమాలి మరీ ఎక్కించుకుంది.

మొదటి సమావేశం రాజధానిలో, ఏడో అంతస్తులో జరిగింది. గది చల్లగా ఉంది. ఒక్కొక్కరి ముందూ ఒక టాబ్లెట్, ఒక నీళ్ల సీసా, నాలుగు బిస్కెట్లు. అధ్యక్షులవారు అంతకుముందు ఇరవై మూడు మండళ్లకి అధ్యక్షత వహించిన అనుభవజ్ఞులు. వాటిలో ఇరవై రెండు ఈనాటికీ నడుస్తున్నాయి. ఒక్కటి మాత్రం ఎవరి అజాగ్రత్త వల్లనో పని పూర్తిచేసుకుని మూతపడింది. ఆ దెబ్బనుంచి ఆయనింకా తేరుకోలేదు.

ఉదయమంతా మండలి చిహ్నం ఏ రంగులో ఉండాలన్నదాని మీద చర్చ నడిచింది. మధ్యాహ్నం 'అందడం' అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. ఊరి పక్కనుంచి కేబుల్ వెళ్తుంటే అందినట్టేనా? మనిషి పట్నం వెళ్లినప్పుడు అందితే చాలదా? అందుతుందన్న ఆశ కలిగితే దాన్ని పాక్షికంగా అందినట్టు లెక్కించాలని ఒక ప్రొఫెసరుగారు వాదించారు. నర్సమ్మ చెయ్యెత్తింది.

"సార్, మా ఊరికి రెండు కిలోమీటర్లలో వంతెన ఉంది. అక్కడి దాకా కేబులొచ్చి ఆగిపోయింది. స్తంభాలు ఉండనే ఉన్నాయి. ఆ కాస్తా లాగేస్తే అయిపోతుంది."

అధ్యక్షులవారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "విన్నారా? ఈ క్షేత్రస్థాయి దృక్పథం కోసమే ఈవిణ్ని తీసుకున్నది. చప్పట్లు కొట్టండి."

"చప్పట్లొద్దు సార్. కేబులెప్పుడొస్తుంది?"

"మినిట్స్‌లో రాసుకోండి," అన్నారు అధ్యక్షులు.

"ఏమని రాయమంటారు సార్?" అన్నాడు మండలి కార్యదర్శి.

"సభ్యురాలు ఉద్వేగంగా ప్రసంగించారని."

రెండో సమావేశంలో నర్సమ్మ మళ్లీ అదే అడిగింది. మూడోసారీ అడిగింది. ఇక తప్పక, ఇంటర్నెట్ లేకపోవడాన్ని కళ్లారా చూసి రావాలని మండలి తీర్మానించింది. మంత్రిగారు కూడా బయల్దేరారు. తొమ్మిది కార్లు వంతెన దాటి ఊళ్లోకొచ్చాయి. పెద్దమనుషులందరూ ఉపకేంద్రం ముందు నిలబడి ఫోన్లు ఆకాశంలోకి ఎత్తారు.

"లేదండీ! ఒక్క పాయింటు కూడా లేదు!" అన్నారు అధ్యక్షులు పరవశంగా.

"మా ఆఫీసు లిఫ్టులో కూడా కొద్దో గొప్పో వస్తుంది సార్. ఇక్కడ శుద్ధంగా సున్నా," అన్నాడు కేబుల్ కంపెనీ ప్రతినిధి. వృత్తిరీత్యా ఎన్నో చూసినవాడు, అతనికీ ముచ్చటేసింది.

మంత్రిగారు వడ్రంగి బాబాయ్ భుజం మీద చెయ్యేసి ఫోటో దిగారు. దిగిన మరుక్షణం దాన్ని జనంలోకి పంపబోయారు. ఫోన్లో చక్రం తిరిగింది. ఇంకా తిరిగింది. మంత్రిగారి ముఖం ఎర్రబడింది.

"ఇదేమిటయ్యా? వెళ్లదేం?"

"ఇక్కడ ఇంటర్నెట్ లేదు సార్," అన్నాడు కార్యదర్శి భయంభయంగా.

"ఎవరికి లేకపోతే ఏంటి, నాక్కూడా లేదా?"

పోసిన టీ పోసినట్టే ఉండగా తొమ్మిది కార్లూ వంతెన దగ్గరికి పరిగెత్తాయి. ఫోటో అక్కణ్నుంచి వెళ్లింది. మంత్రిగారు అక్కడే నిలబడి కేబుల్ శాఖ అధికారికి ఫోన్ చేసి దులిపేశారు. రెండేళ్లలో పదకొండు అర్జీలు కదిలించలేని కేబుల్ ఆ ఒక్క ఫోనుతో కదిలింది. మండలి అక్కడికక్కడే దాన్ని తన తీర్మానంగా రాసుకుంది. మూడో రోజు పొద్దున్నే లైన్‌మన్ ఒక పెద్ద చుట్ట దొర్లించుకుంటూ వచ్చాడు.

"ఇదేం పనమ్మా, రెండ్రోజుల్లో అయిపోద్ది. ఎప్పుడో చెయ్యాల్సింది, ఎవరూ చెప్పలేదంతే," అన్నాడు నిచ్చెన ఎక్కుతూ.

నర్సమ్మ ఆ రెండు రోజులూ అతన్ని కనిపెట్టుకునే ఉంది. నిచ్చెన పట్టుకుంది, మంచినీళ్లిచ్చింది. కేబుల్ ఉపకేంద్రం గోడ దాకా వచ్చింది. లోపల పెట్టె బిగించారు. ఆమెకి ఒళ్లంతా తేలికైనట్టయింది. యంత్రం మీది దుమ్ము తుడిచి, ముందుగా ఒకసారి పంపి చూద్దామని బాబాయ్‌ని కేకేయించింది. లైన్‌మన్ తీగ చివర పెట్టెలోకి దోపబోతుండగా బయట కారు ఆగింది. కార్యదర్శి రొప్పుతూ దిగాడు.

"ఆపండి! దోపకండి! మండలి పోతుంది!"

చంకలోని పుస్తకం తీసి చూపించాడు. మండలి నియమావళి, నాలుగో నిబంధన: సభ్యుల్లో కనీసం ఒకరు సౌకర్యం లేని ప్రాంతంలో నివసిస్తూ ఉండాలి. అలాంటి సభ్యులు లేకపోతే మండలి చెల్లదు. మండలి చెల్లకపోతే దాని తీర్మానాలేవీ చెల్లవు.

"మీ ఊరికి కేబుల్ ఇవ్వాలన్నది కూడా మండలి తీర్మానమే కదమ్మా. ఇది దోపామంటే, ఇది దోపడానికి అనుమతి రద్దయిపోతుంది," అన్నాడు.

లైన్‌మన్ తీగని చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఇంతకీ దోపమంటారా, వద్దంటారా?" అని అడిగాడు. బాబాయ్ విప్పిన చొక్కా మళ్లీ తొడుక్కున్నాడు.

అత్యవసర సమావేశం పెట్టారు. నర్సమ్మ ఈసారి చెయ్యెత్తకుండానే లేచింది.

"నేను రాజీనామా చేస్తాను సార్. నాకీ సభ్యత్వం వద్దు."

అధ్యక్షులవారు ఎంతో ఓపికగా చెప్పారు. "ఎలా ఆమోదిస్తామమ్మా? మీరు లేకుండా కూర్చుంటే ఇది మండలి కాదు. మీరుండగా ఆమోదిస్తే మీరు వెళ్లనట్టే."

"అలాంటి ఊరినుంచి ఇంకెవరినైనా తీసుకోండి."

"దరఖాస్తులు పిలిచాం. ఆన్‌లైన్లో. ఒక్కటీ రాలేదు," అన్నాడు కార్యదర్శి.

అంతవరకూ కళ్లు మూసుకుని ఆలోచిస్తున్న మంత్రిగారు కళ్లు తెరిచారు. ఇలాంటి ఘడియల్లోనే నాయకుడెవరో తెలుస్తుంది. "ఊరికి ఇంటర్నెట్ కావాలి. మండలికి నర్సమ్మ కావాలి. నర్సమ్మకి ఇంటర్నెట్ ఉండకూడదు. అంతేనా?"

"అంతే సార్."

"అయితే చిక్కెక్కడుందయ్యా? ట్రాన్స్‌ఫర్ చేసేయండి!"

గదంతా చప్పట్లతో మారుమోగింది. పది నిమిషాల్లో ఉత్తర్వు వచ్చింది. కొండ మీది ఊరు. ఏ కేబులుకైనా పదిహేడు కిలోమీటర్ల దూరం. మండలికి ఇంకో పదేళ్ల దాకా ప్రమాదం లేదని కేబుల్ కంపెనీ ప్రతినిధి హామీ ఇచ్చాడు.

"మరి యంత్రం?" అంది నర్సమ్మ.

"అది మీ సంతకం మీద తీసుకున్నది కదమ్మా. మీ వెంటే వస్తుంది. ప్రభుత్వ ఆస్తిని దిక్కులేకుండా వదిలేస్తామా?"

"నా చోట్లోకి ఎవరొస్తారు సార్?"

"భర్తీ చేస్తాం. ప్రకటన ఇస్తాం."

"అక్కడ మా వడ్రంగి బాబాయ్ ఉన్నాడు సార్. ఆయన గుండె నాకు బాగా లేదనిపిస్తోంది. అర్థం చేసుకోండి సార్, ఇదంతా నేను ఆయన కోసమే..." ఆమెకి ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఆ చల్లటి గదిలో ఏది ముందు చూపించాలో తెలియలేదు.

"మినిట్స్‌లో రాసుకోండి," అన్నారు అధ్యక్షులు మెల్లగా. ఆయనకీ జాలేసింది. ఏమని రాయాలో కార్యదర్శి ఈసారి అడగలేదు.

కొండ మీది ఊళ్లో ఉపకేంద్రమంటే ఒకటే గది. మూలన యంత్రం, కిటికీ దగ్గర భర్త కుట్టుమిషను, గుమ్మంలో అత్తగారు. ఫోన్లు అక్కడ టైము చూసుకోవడానికే పనికొచ్చేవి. పోస్టుమన్ వారానికోసారి పైకొచ్చేవాడు. మొదటిసారి వచ్చినప్పుడే మండలివారు పంపిన పేపరు తెచ్చిచ్చాడు. లోపలి పేజీలో ఒక వార్త చుట్టూ ఎర్రసిరాతో గీత గీసి, అభినందనలు అని రాశారు.

సగం పేజీ ఫోటో వేశారు. ఆమె ఉపకేంద్రమే. గోడకి రంగేశారు. పెద్ద తెర మీద నగరంలోని గుండె డాక్టరు, తెర పక్కన మంత్రిగారు, ముందు మంచం మీద బాబాయ్. నర్సమ్మ వార్తని పైకి చదివింది.

"మంత్రిగారు బటన్ నొక్కగానే డాక్టరుగారు తెర మీద ప్రత్యక్షమయ్యారు. పరీక్ష యంత్రం సాంకేతిక కారణాల వల్ల అందుబాటులో లేకపోయినా, రోగి ముఖం ఎంతో స్పష్టంగా కనిపించడంతో ఆయన ఆరోగ్యం భేషుగ్గా ఉందని డాక్టరుగారు అక్కడికక్కడే తేల్చారు. పట్టలేని ఆనందంతో చెమటలు పట్టిన లబ్ధిదారుడు, కృతజ్ఞతగా గుండె మీద చెయ్యి వేసుకుని, మాట రాక అలాగే ఒరిగిపోయారు. మంత్రిగారు చప్పట్లు కొట్టారు."

నర్సమ్మ ఫోటోని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. బాబాయ్ చెయ్యి ఎక్కడుందో చూసింది. వేళ్లు ఎలా బిగుసుకున్నాయో చూసింది. తరవాత పేపరు మీది తేదీ చూసింది. ఐదు రోజుల కిందటిది.

"యంత్రం పెట్టెలో పెట్టండి," అని భర్తకి చెప్పి, ఇంజెక్షన్ సంచీలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది.

"ఉన్నపళంగా ఎక్కడికే?" అంది అత్తగారు.

"బాబాయ్ దగ్గరికి అత్తయ్యా."

"ఎందుకే? ఆయనకేమీ లేదని పేపర్లోనే వేశారుగా."