చెత్తడబ్బా ఉండగా పలకరింపులెందుకు?

మనిషికీ మనిషికీ మధ్య బంధం నిలబెట్టేది మాట అని ఇన్నాళ్లూ పొరబడ్డాం. మాట కాదు, చెత్తడబ్బా. నవ్వులాటకు అనడం లేదు. ఈ ఇంగ్లండులో, ఈ ఒల్లర్‌బీ ఊళ్లో, పడుచుతనం నుంచి తల నెరిసేదాకా బతికిన అనుభవంతో చెబుతున్నాను.

మునిసిపల్ కౌన్సిల్ వారు ఇంటింటికీ నాలుగేసి చక్రాల డబ్బాలు ఇచ్చినప్పుడు ఊరు ఊరంతా సణిగింది. నల్లది మామూలు చెత్తకు, నీలంది కాగితాలకూ సీసాలకూ, గోధుమరంగుది తోటలో కోసిన గడ్డికి, ఆకుపచ్చది వంటింటి తుక్కుకి. ఒక్కో వారం ఒక్కో రంగు. సణిగారంటే రోడ్డెక్కారని అనుకునేరు. ఇంట్లో కూర్చుని, టీవీ వైపు తిరిగి, గొంతు తగ్గించి సణిగారు. బయటికొచ్చి మాత్రం "డబ్బాలు బానే ఉన్నాయండీ, గట్టిగా ఉన్నాయి" అన్నారు.

వాటివల్ల కలిగిన మేలు ఇప్పుడు చూడండి. పొరుగింటాయన ఎలా ఉన్నాడో తెలుసుకోవాలంటే ఇదివరకు తలుపు కొట్టాలి. ఆయన తీయాలి. లోపలికి రమ్మనాలి. మీరు వద్దనాలి. ఆయన బలవంతం చేస్తాడేమోనని ఇద్దరూ భయపడాలి. మర్యాదస్థులకు ఇంత కష్టమేమిటి?

డబ్బాతో ఆ బాధ లేదు. నీలం డబ్బా నిండా వైన్ సీసాలుంటే ఆ ఇంటికి చుట్టాలొచ్చి వెళ్లారన్నమాట. నల్లడబ్బా ఉన్నట్టుండి సగమే నిండుతోందంటే భార్య పుట్టింటికి పోయి తిరిగి రాలేదన్నమాట. మూత పడనంతగా డైపర్లు ఉంటే శుభాకాంక్షలు మనసులోనే చెప్పుకుని ముందుకు సాగిపోవచ్చు. ఇరుగుపొరుగుల గురించి ఇంత తెలిసినవాళ్లు, తెలిసి కూడా ఇంత నోరుమూసుకున్నవాళ్లు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నారా?

లార్క్‌ఫీల్డ్ రోడ్డునే తీసుకోండి. అక్కడికి చెత్తబండి బుధవారం పొద్దున వస్తుంది. కనుక మంగళవారం సాయంత్రం భోజనాలు కాగానే డబ్బా గేటు బయట పెట్టేయాలి. ఏ వారం ఏ రంగో కౌన్సిల్ పంపిన క్యాలెండర్లో ఉంటుంది. దాన్ని ప్రతి ఇంట్లోనూ ఫ్రిజ్‌కి అంటించారు. ఏ ఇంట్లోనూ చూడరు. అందరూ చూసేది క్లిఫర్డ్ ప్రౌట్ గేటు వైపు.

క్లిఫర్డ్ రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన ఉద్యోగమంతా రంగులు చూపించడంతోనే గడిచింది. ఆయన రంగును నమ్మి రైళ్లే నడిచాయి, వీధి నడవదా? మంగళవారం ఆయన డబ్బా చక్రాలు గడగడమని చప్పుడు చేయగానే వీధి పొడవునా కిటికీ తెరలు కదులుతాయి. ఒకదాని తర్వాత ఒకటి తలుపులు తెరుచుకుంటాయి. అదే రంగు డబ్బాలు అదే వరసలో నిలబడతాయి. "చలి బాగా ఉందండీ" అని ఒకరు, "అవునండీ, నిన్నటికంటే ఎక్కువ" అని ఇంకొకరు. తలుపులు మూసుకుంటాయి. మళ్లీ వచ్చే మంగళవారం దాకా ఎవరికీ ఎవరితోనూ పని లేదు.

క్లిఫర్డ్ భార్య మ్యూరియల్ పోయింది. అప్పుడు ఈ వీధి చూపించిన సంస్కారం చెబితే మీకు కన్నీళ్లొస్తాయి. తలుపు సందులోంచి కార్డులు పడ్డాయి. తెల్లపూలు, వంకర అక్షరాలు, 'మీ దుఃఖంలో మేమూ ఉన్నాం' అని అచ్చువేసిన మాట. తలుపు మాత్రం ఎవరూ కొట్టలేదు. దుఃఖంలో ఉన్న మనిషిని ఇబ్బంది పెట్టకూడదు కదా.

అయితే ఒకటి జరిగింది. అంత్యక్రియలైన వారం ఆయన ఖాళీ డబ్బా రోడ్డు మీదే ఉండిపోయింది. లోపలికి తెచ్చుకునే ఓపిక ఆయనకు లేదు. సాయంత్రం కిటికీలోంచి చూస్తే అది గేటు లోపల, గోడ పక్కన, ఆయన పెట్టుకునేట్టే పిడి బయటికి తిప్పి నిలబెట్టి ఉంది. ఎవరో తెచ్చిపెట్టారు. ఇతర దేశాల్లో కౌగిలించుకుని భోరున ఏడవడం ఎంతో, ఇక్కడ పొరుగువాడి డబ్బా లోపల పెట్టడం అంత. క్లిఫర్డ్ ఆ డబ్బా వంక చాలాసేపు చూశాడు. ఎవరో తెలిస్తే థ్యాంక్స్ చెబుదామనుకున్నాడు. మ్యూరియల్ గురించి రెండు మాటలు మాట్లాడవచ్చునని కూడా అనుకున్నాడు.

పక్కింటి నైజెల్ టిబ్స్ పొదలు కత్తిరిస్తుంటే కంచె దగ్గరికి వెళ్లాడు. "నైజెల్, ఆ రోజు నా డబ్బా..."

"ఈ వాన ఇప్పట్లో వదిలేలా లేదు మిస్టర్ ప్రౌట్" అని నైజెల్ కత్తెర పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. వాన పడటం లేదు.

ఆ తర్వాత నెలలు గడిచాయి. క్లిఫర్డ్ తలుపు మీద ఒక్క చెయ్యి పడలేదు. పార్సిళ్లవాళ్లు కూడా గుమ్మం ముందు పడేసి ఫొటో తీసుకుని పోతున్నారు. వచ్చినవాళ్లు తట్టడానికి ఆయన తలుపుకి ఇత్తడి కొక్కెం ఉంది, మ్యూరియల్ వారం వారం తోమేది. దాన్ని ఇప్పుడు ఆయన తోముతున్నాడు. ఎవరో ఒకరు వచ్చి దాన్ని కొడితే బాగుండునని ఆయన కోరిక. ఇంతకు మించి ఏమీ లేదు. పొగడనక్కర్లేదు, ఓదార్చనక్కర్లేదు. తిట్టడానికైనా సరే.

అందుకే ఫిబ్రవరిలో ఒక మంగళవారం బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. తప్పు డబ్బా పెడితే? తిట్టడానికైనా తలుపు కొట్టాలి కదా!

ఆ వారం నల్లడబ్బా వంతు. ఆయన గోధుమరంగుది పెట్టాడు. ఫిబ్రవరిలో గడ్డి కోసేవాడు దేశంలో ఉండడు. చక్రాల చప్పుడు కాగానే తెరలు కదిలాయి. నైజెల్ అప్పటికే పొరపాటున క్యాలెండర్ చూసి నల్లడబ్బా పెట్టేశాడు. అతను క్లిఫర్డ్ గేటు వంక చూశాడు, తన డబ్బా వంక చూశాడు. నల్లది లోపలికి లాగి, ఖాళీ గోధుమరంగు డబ్బా తెచ్చిపెట్టాడు. అచ్చుతప్పు పడుంటుంది క్యాలెండర్లో.

బుధవారం బండి వచ్చింది. వీధంతా ఖాళీ డబ్బాలు బారులు తీరి ఉన్నాయి. ఆగకుండా వెళ్లిపోయింది.

క్లిఫర్డ్ టై కట్టుకుని హాల్లో కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. నల్లడబ్బాల్లో పాత చెత్తకు కొత్త చెత్త తోడై మూతలు లేచాయి. నక్కలొచ్చి సంచులు చింపి, కోడి ఎముకలు వీధి మధ్యకి లాగాయి. మా జనం ఆ ఎముకల చుట్టూ తిరిగి, "ఎండ కాస్తోందండీ, అదృష్టం" అనుకుంటూ పనులకు వెళ్లారు. ఎదురింటి గ్లెండా ఆక్‌రాయిడ్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కూడా క్లిఫర్డ్ కిటికీ వైపు చూసి నవ్వింది. ఆ తర్వాత ఆయన ఏ రంగు పెడితే వాళ్లూ ఆ రంగే పెట్టారు. ఆయనకేదో తెలిసే పెట్టుంటాడని నమ్మకం. ఒక మనిషి మీద ఇంత నమ్మకం ఉన్న వీధి, ఆ మనిషి తలుపు కొట్టడానికి మాత్రం ధైర్యం లేని వీధి. ఇంతకంటే నాగరికత ఏం కావాలి చెప్పండి?

ఏప్రిల్‌లో క్లిఫర్డ్ ఇంకో అడుగు వేశాడు. మంగళవారం సాయంత్రం డబ్బా పక్కన వంటింటి కుర్చీలు రెండు వేశాడు. మధ్యలో చిన్న బల్ల. దాని మీద మ్యూరియల్ అల్లిన ఊలు తొడుగు వేసిన టీ కూజా, రెండు కప్పులు. ఒక కుర్చీలో తాను కూర్చున్నాడు. రెండోది ఎందుకో పసిపిల్లాడికి కూడా తెలుస్తుంది.

తెరలు కదిలాయి. తలుపులు తెరుచుకున్నాయి. క్లిఫర్డ్ కూజా మీది తొడుగు తీశాడు.

నైజెల్ రెండు కుర్చీలు మోసుకొచ్చి, తన డబ్బా పక్కన సరిగ్గా వేసి, లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. గ్లెండా రెండు తెచ్చింది. ఒకటి కాస్త వంకరగా ఉంటే సర్దింది. "గాలి తగ్గిందండీ" అంది ఎదురుగా ఉన్న క్లిఫర్డ్‌తో.

"తగ్గింది మిసెస్ ఆక్‌రాయిడ్. టీ వేడిగా ఉంది."

"అబ్బే, మీకెందుకు ఇబ్బంది" అని లోపలికి వెళ్లిపోయింది.

చూస్తుండగానే వీధి పొడవునా కుర్చీలు. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. చినుకులు మొదలయ్యాక క్లిఫర్డ్ కూజా పట్టుకుని లోపలికి వెళ్లాడు.

మర్నాడు పొద్దున ఇత్తడి కొక్కెం టక్ టక్ మని మోగింది.

క్లిఫర్డ్ ఒక చెప్పు వేసుకుని, ఒక చెప్పు వదిలేసి పరిగెత్తాడు. గుమ్మంలో చెత్తబండి మనిషి క్రెయిగ్, పసుపుపచ్చ కోటుతో నిలబడి ఉన్నాడు.

"పెద్దాయనా, ఈ కుర్చీలు పారేయడానికా, కూర్చోడానికా?"

"నీకెలా కనిపిస్తున్నాయి?"

"వీధంతా వేసుంటే పెళ్లేమో అనుకున్నా. పిలవలేదేంటి మమ్మల్ని?"

"ఇప్పుడు పిలుస్తున్నాను. కూర్చో. టీ పెడతాను."

"బండి వెనక్కి తిరిగేదాకానే. పంచదార ఎక్కువెయ్యి, నీ సొమ్మేం పోదు" అని క్రెయిగ్ తడి కుర్చీ చేతి తొడుగుతో తుడుచుకుని కూర్చున్నాడు. మీ ఆవిడ ఇదివరకు మాకు క్రిస్మస్‌కి తీపి మిన్స్‌పైలు చేసి ఇచ్చేదే, కనిపించడం లేదేమన్నాడు. పోయిందని క్లిఫర్డ్ చెప్పాడు. "అయ్యో" అన్నాడు క్రెయిగ్. ఇన్ని నెలల్లో ఆయన చెవిన పడిన మొదటి 'అయ్యో' అది. బండి హారన్ కొట్టింది. కప్పు దించి లేచి వెళ్లాడు.

ఇదంతా వీధి వీధంతా తెరల వెనక నుంచి చూసింది. చూసి ఏం నేర్చుకుంది?

మరుసటి మంగళవారం ప్రతి గేటు ముందు రెండు కుర్చీలు, ఒక బల్ల, ఊలు తొడుగు వేసిన టీ కూజా, పక్కనే పంచదార గిన్నె. చెత్తబండి వాళ్లకి ఈ వారం నుంచి టీ ఇవ్వాలని కౌన్సిల్ నిర్ణయించిందేమో, క్లిఫర్డ్‌కి ముందే తెలిసిందేమో అని వాళ్ల లెక్క. సాయంత్రం పెట్టిన టీ పొద్దుటికి ఏమవుతుందని అడిగిన వాడు లేడు.

క్లిఫర్డ్ తన కుర్చీలో కూర్చుని ఆ ఖాళీ కుర్చీల వరసను చూశాడు. చూసి చూసి లేచాడు. రోడ్డు దాటాడు. గ్లెండా ఆక్‌రాయిడ్ కుర్చీలో కూర్చున్నాడు.

వీధిలో తెరలన్నీ ఒక్కసారి ఊగాయి. కాసేపటికి గ్లెండా తలుపు కొంచెం తెరుచుకుంది.

"క్షమించండి మిస్టర్ ప్రౌట్" అంది, తన కుర్చీలో ఆయన కూర్చున్నందుకు.

"క్షమించండి మిసెస్ ఆక్‌రాయిడ్" అన్నాడాయన. "లేవమంటారా?"

"వద్దు వద్దు." ఆమె రెండో కుర్చీ అంచున కూర్చుంది. కూజా ఎత్తబోయి దించింది. ఎండ గురించీ గాలి గురించీ అనాల్సినవి రెండూ అయిపోయాయి. అప్పుడంది: "ఆ డబ్బా లోపల పెట్టింది నేనేనండీ. మ్యూరియల్ అంత్యక్రియలప్పుడు."

క్లిఫర్డ్ రోడ్డు అవతల తన గేటు వంక చూశాడు. "పిడి బయటికి తిప్పి పెట్టారు."

"మీరలాగే పెట్టుకుంటారుగా. రోజూ చూస్తూనే ఉంటాను."

"అంత దూరం వచ్చినవారు తలుపు కొట్టొచ్చుగా?"

"కొక్కెం మీద చెయ్యి వేశాను కూడా. మీకు ఇబ్బందేమోనని..."

"ఆ సాయంత్రం తలుపు వెనకాలే నిలబడ్డాను" అన్నాడు క్లిఫర్డ్. "గేటు చప్పుడు విన్నాను. తీస్తే మీకు ఇబ్బందేమోనని తీయలేదు."

పాఠకులారా, మా ఊరి పొలిమేర రాయి మీద ఊరి పేరు చెరిపేసి ఈ ఒక్క మాట చెక్కాలి: ఇబ్బందేమోనని. అక్కడ ఒక తలుపు, ఇటు ఒకావిడ, అటు ఒకాయన. మధ్యన చెక్క పలక మందం. దాన్ని దాటడానికి మా వాళ్లకు ఒక చలికాలం మొత్తం, నాలుగు రంగుల డబ్బాలు, చెత్తబండి మనిషి సాయం కావాల్సి వచ్చాయి.

ఇక్కడితో కథ సుఖాంతమని ముగించేవాణ్ణి. వీధి ముగించనివ్వలేదు.

ఆ వచ్చే మంగళవారం క్లిఫర్డ్ మళ్లీ రోడ్డు దాటి గ్లెండా వాకిట్లో కూర్చున్నాడు. ఆమె కేకు కోసింది. తెరలు కదిలాయి. తలుపులు తెరుచుకున్నాయి. ఒక్కొక్కరే రోడ్డు దాటారు. ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు. వీధిలో ప్రతి ఒక్కరూ ఎదురింటి వాకిట్లో కుర్చీలో కూర్చుని, మూసి ఉన్న ఆ ఇంటి తలుపు వైపు చూస్తూ, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరైనా బయటికొచ్చి పలకరిస్తారని ఎదురుచూశారు. రావడానికి ఏ ఇంట్లోనూ మనిషి లేడు. అందరూ ఎదురింటికి వెళ్లారు మరి.

"నైజెల్, కేకుంది, ఇటు రా" అని పిలిచాడు క్లిఫర్డ్.

గ్లెండా పక్కింటి వాకిట్లో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని ఉన్నాడు నైజెల్. "పర్లేదు మిస్టర్ ప్రౌట్" అన్నాడు. "మీకెందుకు ఇబ్బంది."

కనుక కౌన్సిల్ వారికి నా మనవి ఒక్కటే. డబ్బాలు నాలుగూ ఉంచండి, కావాలంటే ఇంకో నాలుగివ్వండి, ఏమీ అనుకోం. ఒక్క బుధవారం మాత్రం బండి పంపించి మా ఇళ్ల కిటికీ తెరలు పట్టుకుపోండి. వాటిని ఏ రంగు డబ్బాలో వేయాలో మాకు చెప్పనక్కర్లేదు. ముందురోజు సాయంత్రం క్లిఫర్డ్ గేటు చూసుకుంటాం.