భావనపాడు సువార్త

ఆ శనివారం పొద్దున్న బెన్హర్ మాస్టారి పథకం చాలా చిన్నది. నరసన్నపేటలో కొత్త బుల్లెట్టెక్కి, భావనపాడు తీరంలో మోటారుసైకిల్ క్లబ్బు ర్యాలీకి వెళ్ళి, ఇసుకలో గుడారం వేసుకుని పడుకుని, ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరడం. అడ్డమల్లా ఆ ఆదివారమే. బాప్టిస్టు చర్చి సండే స్కూల్లో పిల్లల చేత 'అబద్ధమాడరాదు' అని వల్లె వేయించేది ఆయనే. పైగా అత్తగారు దేవమణి ఆ చర్చి స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. బండి షికారు కోసం ఆరాధన ఎగ్గొడతానని ఆవిడ ముందు అనగల మగాడు ఆ సంఘంలో ఇంకా పుట్టలేదు.

అందుకని భార్య షీబాతో, "భావనపాడులో సువార్త కూటాలంట. నన్ను వాక్యం సెప్పమన్నారు" అన్నాడు. ఊరి పేరు మాత్రం నిజమే చెప్పాడు. మొత్తం అబద్ధమే అయితే దేవుడు ఊరుకోడని ఆయన భయం.

ఆయన బండి వీధి మలుపు తిరగగానే షీబా ఆ సంగతి తల్లికి చెప్పింది. దేవమణి కళ్ళు చెమర్చాయి. తమవాడు పొరుగూళ్ళో వాక్యం చెబితే ఒంటరిగా వదిలేసే అలవాటు ఆ సంఘానికి లేదు. పాటకీ ప్రార్థనకీ స్త్రీల సమాజం వెనకాలే వెళ్ళాలి. మధ్యాహ్నానికల్లా వ్యాను మాట్లాడేశారు.

భావనపాడులో ఎండ చల్లబడే వేళకి బెన్హర్ గుడారం మళ్ళీ కూలింది. ఇసుకలో మేకు నిలవడం లేదు. పుర్రె బొమ్మ ఉన్న నల్ల జాకెట్టులో చెమటలు కక్కుతూ, తాడు నోట కరుచుకుని ఆయన మేకు కొడుతుంటే వ్యాను వచ్చి ఆగింది. ముందు హార్మోనియం దిగింది. తరవాత డోలక్కు, పులిహోర గిన్నె, తెల్లచీరల్లో ఆడవాళ్ళు, షీబా, చివరికి దేవమణి. బెన్హర్‌కి కూలిన గుడారంలోకి దూరిపోవాలనిపించింది. సగం దూరాడు కూడా.

"దాక్కుంతావేటి బాబూ? బయటికి రా" అంది అత్తగారు. చుట్టూ ఉన్న గడ్డాలనీ పుర్రెలనీ కలియజూసి ఆవిడ చేతులు జోడించింది. "ఇలాటోళ్ళ మద్దెకొచ్చి, ఆళ్ళ బట్టలే ఏసుకుని, ఆళ్ళకి వాక్యం సెప్తన్నావా! సూడే షీబా, నీ మొగుడు తనని తాను ఎంత తగ్గించుకున్నాడో!"

"అది కాదత్తా..." అంటుండగానే క్లబ్బు అధ్యక్షుడు లక్ష్మణరావు పరుగున వచ్చాడు. ఈయనకి పేటలో బట్టలకొట్టు ఉంది. ర్యాలీకి పాటలవాళ్ళని తెచ్చే పని బెన్హర్‌కి అప్పజెబితే, బెన్హర్ 'చూస్తాను, చూస్తాను' అంటూ నాన్చుతూ వచ్చాడు.

"ఒరే బెన్హరూ, సెప్పకుండా ఎంత పార్టీని తెచ్చీసినావురా! రండమ్మా, స్టేజీ అదిగో!" అంటూ లక్ష్మణరావు హార్మోనియం తానే ఎత్తుకున్నాడు.

పాటలు రక్తి కట్టాయి. క్లబ్బువాళ్ళు చప్పట్లు కొట్టారు, పులిహోర గిన్నె ఊడ్చేశారు. అప్పుడు దేవమణి మైకు పట్టుకుని, "ఇప్పుడు మా అల్లుడు వాక్యం సెప్తాడు" అంది. ఈలలు మోగాయి.

బెన్హర్ లేచి నిలబడ్డాడు. షీబా ఆయన్ని చూస్తోంది. పెళ్ళినాడు కూడా ఆవిడ అంత గౌరవంగా చూడలేదు. ఆ చూపుకి ఆయన లోపల్లోపల చితికిపోయాడు. తిట్టినా బాగుండుననిపించింది.

"నేను అబద్ధాలకోరుని" అన్నాడు. "ఇక్కడ కూటాల్లేవు, ఏటీ లేవు. బండి మీద తిరగాలని సరదా పుట్టి, దేవుడి పేరు సెప్పి ఇంట్లోంచి వొచ్చీసినాను. సిగ్గుతో సస్తన్నాను."

"ఆమెన్!" అంది స్త్రీల సమాజం. పరుల పాపాన్ని నెత్తిన వేసుకుని బోధించే పద్ధతి కాబోలనుకున్నారు వాళ్ళు. షీబా కళ్ళు తుడుచుకుంది. "బాబ్బాబు, నిజంగానే" అని బెన్హర్ బతిమాలిన కొద్దీ ఆమెన్లు పెరిగాయి.

అంతలో లక్ష్మణరావు భోరుమన్నాడు. "నానూ అంతేరా! రామతీర్థం దర్శనానికని ఇంటికాడ సెప్పి వొచ్చినాను!" ఆ వెనక ఒకడు ఆఫీసులో ఇన్‌స్పెక్షనని, ఒకడు మేనత్తకి ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చినట్టు బయటపడింది. చివరికి ఇంట్లో నిజం చెప్పి వచ్చినవాడు ఆ తీరంలో ఒక్కడూ తేలలేదు. ఇంతమందికి ఒక్కసారే మారుమనసు కలగడం తామెన్నడూ చూడలేదని స్త్రీల సమాజం స్తోత్రం చేసింది.

చీకటి పడకముందే వ్యాను బయలుదేరింది. దేవమణి మాత్రం అది ఎక్కలేదు. బెన్హర్ గుడారం చుట్టి బండికి కట్టగానే, కొంగు బిగించి బుల్లెట్టు వెనక సీటు మీద కూర్చుంది. టెక్కలి దాటాక ముందుకి వంగింది.

"అందరూ వాక్యమనుకున్నారు బాబూ" అంది నెమ్మదిగా. "నాకు మాత్రం అర్థమైపోనాది."

బండి గుంతలో పడి లేచింది. బెన్హర్ చెవులు కాలిపోయాయి. "తప్పైపోయిందత్తా" అన్నాడు.

"షీబాకి సెప్పనులే. పిల్ల మురిసిపోతన్నాది. కానీ సంగం ముందర నీ మాట అబద్దం కాకూడదు కదా? ఇకమీద పెతి ఆదివారం ఆరాధనవగానే భావనపాడు వొచ్చి వాక్యం సెప్పు. ఈ బండి మీదే. ఎనకాల నాను కూకుంటాను."

ఆవిడ సీటు మీద సర్దుకుని, ఆయన భుజం తట్టింది.

"కాస్త బేగి పోనీ బాబూ. గాలి బాగున్నాది."

అబద్ధంలో ఊరి పేరంత నిజం కూడా కలపకూడదన్నది ఒక్కటే బెన్హర్ మాస్టారు ఆ ర్యాలీలో నేర్చుకున్నది.