ఆదోని డివిజన్‌లో షార్క్ నివారణ

నా భూమి పోవడానికి కారకుడు ఎర్రిస్వామి. ముందే చెప్పేస్తున్నాను, పొగడ్తల్లో పడి మరిచిపోతానేమోనని. ఆయన మా మండల నాయకుడు, మహానుభావుడు. ఆదోనికి సముద్రం లేదన్న కొరతను ఒక్క మధ్యాహ్నంలో తీర్చేశాడు.

సముద్రంలో దిగేవాళ్లను షార్క్‌ల నుంచి కాపాడాలని పాలసీ వచ్చింది. ప్రతి డివిజనూ ఒక రక్షిత జలప్రాంతం చూపించాలట. సముద్రం లేని డివిజన్ల సంగతేమిటని పైవాళ్లను అడగడం ఆఫీసుల్లో పద్ధతి కాదు. అందుకని ఆదోనికి షార్క్ నివారణాధికారిగా శ్రీపాదరావు గారు వచ్చారు. ఆయనకు అర్జెంటుగా నీళ్లు కావాలి. ఎర్రిస్వామి ఎమ్మిగనూరు రోడ్డు పక్కన నా చేలో ఉన్న కుంట చూపించాడు. మోకాలి లోతు. నాకున్న భూమంతా దాని చుట్టూనే.

"ఉరుకుందన్నా, నీ కుంట రాష్ట్రం మ్యాపులోకి ఎక్కతాంది. స్వీట్లు తెప్పియ్యి" అన్నాడు.

"దీంట్లో షార్కు యాడుందప్పా?"

"లేదు కదా, అదే మన ప్లస్ పాయింటు!"

వల కావాల్సి వచ్చింది. చేనేతను ప్రోత్సహించినట్టూ ఉంటుందని ఎమ్మిగనూరులో మగ్గం నేసే హులిగమ్మకు ఆర్డరిచ్చారు. ఆమె నూలు వల నేసి, గంజి దట్టంగా పెట్టి, ఎర్రంచుతో తెచ్చింది.

"వలకు అంచెందుకమ్మా?" అన్నారు శ్రీపాదరావు గారు.

"అంచు లేకుండా మగ్గం మీంచి ఏదీ దింపం సార్. షార్కు గూడా సూస్తాది కదా."

ఆయన మెచ్చుకున్నారు. నీళ్లలో వేస్తే రంగు పోతుందని కుంట చుట్టూ గుంజలు పాతి కట్టించారు.

మూడో రోజు పొద్దున చూస్తే వలకు మంచమంత కన్నం. నా బర్రె గౌరి కుంటలో పడుకుని నెమరేస్తోంది. మూతికి ఎర్ర పోగులు. గంజి వాసన తగిలితే దేన్నైనా కుడితి తొట్టి అనుకునే రకం అది.

శ్రీపాదరావు గారు టేపుతో కన్నం కొలిచారు. ముఖం వెలిగిపోయింది.

"ఎటాక్!"

"బర్రె తినింది సార్. ఆ మూతి సూడండి."

"చూశానయ్యా. ఫారంలో మూడే ఉన్నాయి. తెల్ల షార్క్, పులి షార్క్, తెలియని షార్క్."

"తెలియనిదే ఏస్కోండి సార్, మనకు ఆడంబరం లేదు" అన్నాడు ఎర్రిస్వామి.

"మరి నా బర్రె?"

"దాడి నుంచి ప్రాణాలతో బయటపడిన సముద్ర వినియోగదారు" అని రాసుకున్నారు శ్రీపాదరావు గారు.

ప్రాణనష్టం లేకుండా షార్క్ దాడిని ఎదుర్కొన్నందుకు ఆదోనికి షీల్డు వచ్చింది. దాన్ని ఎర్రిస్వామి అందుకున్నాడు. నాకు చేను చుట్టూ కంచె వచ్చింది. దాడి జరిగిన చోటికి కార్డున్న సముద్ర వినియోగదారులకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. డివిజన్ మొత్తానికి ఒకటే కార్డు, గౌరి ఫొటోతో. పొద్దున అది మెడలో కార్డుతో వస్తే కాపలా గిడ్డయ్య లేచి గేటు తీస్తాడు. లోపల నా వేరుశనగ మేసి, సాయంత్రం పాలివ్వడానికి బయటికి వస్తుంది.

"నాకూ ఒక కార్డియ్యండి సార్" అని అడిగాను.

"నిన్ను షార్క్ కరిచిందా?"

"లేదు సార్."

"మరి?"

సర్వే నంబరు 214/2. కుంటతో కలిపి రెండెకరాల పద్దెనిమిది సెంట్లు.