పట్టూ విడుపూ లేని బావమరిది

ఆ శనివారం పొద్దున్న రచయిత వేసుకున్న పథకం చాలా చిన్నది. బావమరిదిని గెలిపించాలి. గెలిపించి ఇంట్లోంచి పంపెయ్యాలి. పంపేసి, మూడేళ్ళుగా వాడి చేతిలో చిక్కుకున్న తన రాత గదిలో మళ్ళీ కుర్చీ వేసుకోవాలి. అంతకు మించి ఈ లోకంలో అతనికి కోరికలేవీ మిగల్లేదు.

రచయిత అంటే పుస్తకాలు రాసే రకం కాదు. ఆ ఊళ్ళో కుస్తీ ప్రదర్శనలిచ్చే కంపెనీ ఒకటుంది. అందులో ఎవరు ఎవర్ని కొట్టాలి, ఎవరు ఎప్పుడు పడాలి, పడ్డవాడు ఏ పగతో లేవాలి అన్నవన్నీ ముందే రాసిపెట్టడం అతని ఉద్యోగం. చూడ్డానికొచ్చే జనం ఆ కుస్తీని నిజమని నమ్మరు, అబద్ధమంటే ఊరుకోరు. అలాంటి మహారాజుల్ని వారం వారం మెప్పించడం ఎంత కష్టమో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

బావమరిది అదే కంపెనీలో కుస్తీ పడతాడు. రింగులో వాడి పేరు కొండచరియ. కొండచరియ పని విరిగిపడడమే గనక వారం వారం శ్రద్ధగా విరిగిపడేవాడు. ఛాంపియన్ పేరు స్వర్ణసింహం. ఆయన సింహం అవునో కాదో గానీ, యజమానికి అల్లుడన్నది మాత్రం నిఖార్సయిన నిజం. అందుకని కథ ఎటు తిరిగినా చివరికి అల్లుడుగారి చెయ్యే పైకి లేచేది. ఛాంపియనుకి కంపెనీ ఉండడానికి ఇల్లు కూడా ఇస్తుంది. అల్లుడుగారు మామగారింట్లోనే సుఖంగా ఉన్నారు గనక ఆ ఇంటికి తాళం వేసి ఉంది. రచయిత కన్నంతా ఆ తాళం మీదే ఉండేది.

బావమరిది చెడ్డవాడు కాదు, వచ్చిన చిక్కల్లా అదే. చెడ్డవాడైతే ఎప్పుడో గెంటేసేవాడు. చెప్పిన మాట చెప్పినట్టు వినే మనిషి వాడు. మాట వెనక ఇంకో మాట ఉంటుందని వాడికి ఎవరూ నేర్పలేదు. వచ్చిన రోజు మర్యాదకి “మన ఇల్లే అనుకో” అన్నాడు రచయిత. వాడు అనుకున్నాడు. సాయంత్రానికల్లా గదిలోకి ఇనుప గుండ్లు వచ్చాయి, రాతబల్ల వరండాలోకి పోయి పాత సామాన్ల కింద పడింది. అప్పట్నుంచి రచయిత వాషింగ్ మెషీన్ మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాడు. బట్టలు తిరిగే రోజుల్లో రాసిన కథల్లో వీరులందరూ ఎందుకో తడబడుతూ మాట్లాడతారు.

అతని భార్యకి తమ్ముడంటే ప్రాణం, మొగుడి కథలంటే ఒళ్ళు మంట. ఆ పొద్దున్న బ్రెడ్డుకి వెన్న రాస్తూ రాస్తూనే ఆవిడ మూడేళ్ళ కథనీ మొదట్నుంచి తిరగరాసేసింది. మొదటి పోటీలోనే వాణ్ణి ఓడించడం తప్పట. ఓడిస్తే ఓడించారు, కాలు జారి పడేలా ఓడించడం మహాపాపమట. అంత మనిషి నేలకూలితే చూసేవాళ్ళకి ఏడుపు రావాలి గానీ నవ్వు రావడమేమిటట. పైగా వాడికి మాటలు రాయడమొకటి. వాడి చేత నోరు విప్పించకుండా, వాడి కోసం ఏడ్చే మనిషినొకరిని వెనక నిలబెట్టి ఉంటే ఈపాటికి ఆ ఛాంపియన్ బెల్టు వాడి నడుముకే ఉండేదట.

“మీరు రాసేది కథ కాదు,” అంది చివరికి. “అల్లుడుగారికి భజన.”

మామూలు రోజైతే రచయిత కప్పు పక్కన పెట్టి, తన అనుభవం ఎంతో, ఆవిడ అనుభవం ఎంతో వివరించేవాడు. ఆవేళ మాత్రం నిజమేనని తల ఊపాడు. ఆవిడ భయపడి అతని నుదురు మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు. ఆవిడకి తమ్ముడి పరువు కావాలి, ఇతనికి గది కావాలి. పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఒక్క మాట మీదికి రావడం బహుశా అదే మొదలు.

వేసుకున్న ఎత్తు ఇదీ. ప్రదర్శనకి ముందు యజమాని ఎలాగూ కుస్తీవాళ్ళ గదికి వస్తాడు. అప్పుడు బావమరిదే స్వయంగా, వచ్చే నెల నుంచి తనని ఛాంపియన్‌ని చెయ్యమని అడగాలి. రచయిత అడిగితే నీ బావమరిది గనక అడుగుతున్నావు అంటారు. అల్లుణ్ణి ఛాంపియన్‌ని చేసిన మనిషికి ఇలాంటివి చటుక్కున తడతాయి. బావమరిది ఆ ఒక్క వాక్యాన్నీ బ్రెడ్డు నములుతూ బట్టీ పట్టాడు.

తీరా ఆవేళ యజమాని కూతురు ముస్తాబవడం ఆలస్యమైంది. యజమాని ఆమెని వెంటబెట్టుకుని నేరుగా హాల్లోకే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. గదిలో బావమరిది గోడకేసి తన వాక్యం అప్పజెప్పుకుంటూ ఉండిపోయాడు. ఇదేమీ తెలియని అక్క, యజమాని దగ్గర నోరు విప్పడానికి తమ్ముడికి ధైర్యం చెబుదామని సరిగ్గా అప్పుడే ఫోన్ చేసింది.

“ఆయన ఏదో ఒకటి చెప్పి జారుకుంటారు. నువ్వు మాత్రం పట్టు వదలకు. నేను సరే అనేదాకా వదలకు.”

“సరే అక్కా,” అన్నాడు వాడు, బూట్ల లేసులు బిగించుకుంటూ. యజమాని సంగతి వాడి బుర్రలోంచి ఎప్పుడో జారిపోయింది. పట్టు అనగానే కుస్తీ పట్టే గుర్తొచ్చే బుర్ర అది.

కథ ప్రకారం కొండచరియ సింహం మెడని చంకలో ఇరికించి పట్టు పట్టాలి. రింగు పక్కన బల్ల దగ్గర కూర్చున్న రచయిత తల గోక్కోగానే వదిలెయ్యాలి. అప్పుడు సింహం వాణ్ణి ఎత్తి పడేస్తుంది, జనం ఈలలేస్తారు, అందరూ ఇళ్ళకి పోతారు. కొండచరియ పట్టు పట్టాడు. రచయిత తల గోక్కున్నాడు. వాడు వదల్లేదు. చూడలేదేమోనని మళ్ళీ గోక్కున్నాడు. తర్వాత లేచి నిలబడి రెండు చేతులా పేలు పట్టినవాడిలా గోక్కున్నాడు. పక్కన మైకు ముందున్న వ్యాఖ్యాత జాలిపడి దువ్వెన ఇవ్వబోయాడు.

రిఫరీ వంగి కొండచరియ చెవిలో ఏదో అడిగి, తాళ్ళ దగ్గరికొచ్చి జవాబు అందించాడు. “అక్క వదలొద్దందట.”

రచయిత గబగబా ఇంటికి ఫోన్ చేశాడు.

“వాడు గెలుస్తున్నాడా?” అంది భార్య.

“గెలుస్తున్నాడు. కొంప మునుగుతున్నదే అందుకు. వదలమని ఒక్క మాట చెప్పు, పుణ్యముంటుంది.”

“మూడేళ్ళకి ఒక్కసారి గెలుస్తుంటే నేనెందుకు వదలమంటానండీ?”

అల్లుడుగారి ముఖం వంకాయ రంగుకి తిరిగిందని చెప్పాకగానీ ఆవిడకి విషయం బోధపడలేదు. ఈ గోలలో వాడికి ఫోనులో ఏమీ వినపడదు, తనే రావాలి. ఇల్లు ఆ వీధి చివరే గనక ఉన్న చీరతోనే బయల్దేరింది.

ఇక్కడ జనానికి విసుగు మొదలైంది. కదలకుండా మెదలకుండా ఒకడి చంకలో ఇంకొకడి తల ఉండడం ఎంతసేపని చూస్తారు? ఏదో ఒక కథ అల్లకపోతే కుర్చీలు లేస్తాయి. రచయిత చెవుల్లో అప్పటికింకా అక్క, అక్క అన్న మాటే మోగుతోంది. వ్యాఖ్యాత వైపు వంగి, “ఇదంతా పగ అని చెప్పు. వాళ్ళక్కకి జరిగిన అవమానానికి పగ,” అన్నాడు. పప్పులో కాలేశానని ఆ క్షణంలో అతనికి తెలియదు.

వ్యాఖ్యాత గోరంత దొరికితే కొండంత చేసే మనిషి. అమాయకురాలైన అక్క అన్నాడు. పెళ్ళాడతానని సింహం ఆవిడ చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడన్నాడు. మాట తప్పి గొప్పింటి సంబంధం చూసుకున్నాడన్నాడు. ఆ పిచ్చితల్లి ఇప్పటికీ కిటికీ దగ్గరే కూర్చుని ఉందన్నాడు. ఆవిడ ఒడిలో పసిబిడ్డని కూడా పెట్టబోతుంటే రచయిత బల్ల కింద వాడి కాలు తొక్కాడు. జనం విసుగు మరిచి కుర్చీల్లో ముందుకి వంగారు. వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు.

ముందు వరసలో యజమాని కూతురు లేచి నిలబడింది. కుస్తీ అంతా ఉత్తదేనని ఊహ తెలిసినప్పట్నుంచీ ఎరిగిన మనిషే ఆమె. అయినా మొగుడి విషయానికి వచ్చేసరికి ఏదీ ఉత్తదని తీసిపారెయ్యలేకపోయింది. తిన్నగా వెళ్ళి రింగెక్కింది. మొగుణ్ణి విడిపించుకుంటుందని రచయిత ప్రాణం కాస్త కుదుటపడింది. ఆమె వంగి, చంకలోంచి కనబడుతున్న మొగుడి ముఖాన్ని పరకాయించి చూసింది.

“ఇంకాస్త గట్టిగా పట్టుకో బాబూ,” అంది కొండచరియతో.

“అలాగే అమ్మా,” అన్నాడు వాడు.

అప్పుడే రచయిత భార్య చేతులకంటిన సబ్బునురుగు కొంగుకి తుడుచుకుంటూ, తమ్ముణ్ణి కేకేసుకుంటూ హాల్లోకి వచ్చింది. వ్యాఖ్యాత ఇలాంటి రోజు కోసమే పుట్టినట్టు లేచి నిలబడి, అక్క వచ్చేసిందని ప్రకటించాడు. జనం లేచి దారిచ్చారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు తనని చూసి కళ్ళెందుకు తుడుచుకుంటున్నారో ఆవిడకి అర్థం కాలేదు. రింగెక్కగానే ఎవరో ఆవిడ చేతిలో మైకు పెట్టారు. ఈయన మిమ్మల్ని మోసం చేశాడట కదా అని యజమాని కూతురు అడిగింది. ఎవరన్నారని ఆవిడ అడిగింది. వ్యాఖ్యాత నిజాయితీగా రచయిత వైపు వేలు చూపించాడు.

“ఈయనతో నేను ఒక్క మాటైనా మాట్లాడి ఎరగను,” అంది ఆవిడ మైకులో. “మోసం చేసింది అదిగో, ఆ బల్ల దగ్గర తల గోక్కుంటున్న మా ఆయన. ఇక్కడ ఎవరు గెలవాలో ఎవరు ఓడాలో రాసేది ఆయనే. మూడేళ్ళుగా నా తమ్ముణ్ణి ఓడిస్తున్నదీ ఆయనే.”

రచయిత కళ్ళు మూసుకున్నాడు. కంపెనీ పుట్టాక ఆ రహస్యాన్ని మైకులో చెప్పినవాళ్ళు లేరు. గది మాట దేవుడెరుగు, ఉద్యోగమే ఊడిందనుకున్నాడు. కానీ మూడేళ్ళుగా వాళ్ళు అబద్ధాలు చెబితే చప్పట్లు కొట్టిన జనం, ఒక్క నిజం చెబితే దాన్ని కథ అనుకున్నారు. ఎంత బాగా రాశారో అంటూ వెనక ఎవరో మురిసిపోయారు. మురిసిపోయి, ఖాళీ సీసా తీసి రచయిత వీపు మీదికి విసిరారు. ఆ తర్వాత హాలంతా కలిసి అతన్ని తిట్టిన తిట్లు ఏ దుర్మార్గుడి పాత్రకీ అంతవరకు దక్కలేదు.

“సరే నాన్నా, ఇక వదిలెయ్,” అంది అక్క.

వాడు వదిలేశాడు. అల్లుడుగారు గోతాంలా కూలిపోయారు. అంతసేపు పట్టి పట్టి వాడికీ ఓపిక అయిపోయిందేమో, వాడూ కూలాడు, సరిగ్గా ఆయన మీదే. రిఫరీ పాపం అలవాటు కొద్దీ, పైనున్నవాడు గెలిచినట్టు నేల మీద మూడుసార్లు చరిచాడు. గంట మోగింది. ఏం జరిగిందో అందరికన్నా ఆఖర్న తెలుసుకున్నది కొత్త ఛాంపియనే.

మర్నాడు పొద్దున్న యజమాని అందర్నీ ఆఫీసుకి పిలిపించాడు. అల్లుడుగారు మెడకి పట్టీతో మూల కుర్చీలో ఉన్నారు. కూతురికి అసలు సంగతి చెప్పారు గానీ, ఎందుకైనా మంచిదని ఆమె ఆ పట్టీని కొన్నాళ్ళు ఉంచమంది. రచయిత చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యజమాని ముఖంలో కోపం లేదు సరికదా, వచ్చే వారం టికెట్లన్నీ రాత్రికి రాత్రే అయిపోయిన కళ ఉంది.

“ఏమయ్యా, ఇంత మంచి దుర్మార్గుణ్ణి మూడేళ్ళుగా బల్ల వెనక దాచి పెట్టావేం?”

అక్కడికక్కడే అన్నీ తేలిపోయాయి. బావమరిది చేతిలో కంపెనీ ఇంటి తాళంచెవి పడింది. కథలు ఇకమీదట అక్కగారు రాస్తారు. రచయిత శనివారం నుంచి రింగులో దిగి, భార్యని ఏడిపించిన మొగుడిగా బావమరిది చేతిలో తన్నులు తింటాడు. ఈ చివరి ముక్క అతనికి సరిగ్గా వినపడలేదు. తాళంచెవి చూసిన సంతోషంలో ఏదీ వినపడే స్థితిలో లేడు.

మధ్యాహ్నానికి ఇనుప గుండ్లు బండెక్కాయి. గది ఖాళీ అయింది. రచయిత గుమ్మంలో నిలబడి కళ్ళారా చూసుకున్నాడు. నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భార్య వరండాలోంచి రాతబల్లని తోసుకొస్తుంటే ఎదురెళ్ళి తనూ ఒక చెయ్యి వేశాడు. బల్లని కిటికీ పక్కన సర్ది, దుమ్ము దులిపి, కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చోబోయేలోపు ఆవిడ కూర్చుంది.

“రాసేవాళ్ళకి ఓ గదంటూ ఉండొద్దూ?” అంది కాగితాలు ముందుకి లాక్కుంటూ. “వెళ్తూ వెళ్తూ ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్యండి.”

శనివారం అతను చిత్తుగా ఓడిపోయాడు. ముఖంలో ఆ బాధ చాలా సహజంగా ఉందని పత్రికలవాళ్ళు కూడా మెచ్చుకున్నారు.