యూనిట్ వ్యాను మీద తెరెసా సైకిలు

ఫిలింనగర్‌లో ఇళ్లకంటే బండరాళ్లు ఎక్కువగా ఉన్న చల్లని రోజులవి. తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. ఎనభై తొమ్మిది డిసెంబరులో ఒక శనివారం పొద్దున్నే, షూటింగు యూనిట్ వ్యాను నడిపే సెబాస్టియన్ మోతీనగర్‌లో తన ఇంటిముందు వ్యాను టాపు మీద రెండు సైకిళ్లు ఎక్కించి తాళ్లతో బిగించాడు. నీలంది పదమూడేళ్ల కూతురు తెరెసాది. రెండోది తన డొక్కు సైకిలు. పిల్లదానికి పంక్చరైతే అక్కరకొస్తుందని.

జూబ్లీహిల్స్ చర్చి మైదానంలో పది గంటలకు ఆడపిల్లల సైకిలు పందెం. అలాంటిది పెట్టడం అదే మొదలు. ఏడాదంతా ఔట్‌డోర్లంటూ తిరిగి సెబాస్టియన్ కూతురి పుట్టినరోజుకే ఇంట్లో లేడు. ఈసారి పందెం దగ్గరుండి చూస్తానని ఒట్టేశాడు. దారిలో కొండమీద షూటింగు దగ్గర బట్టల పెట్టెలు దించడం ఎంతసేపు, ఐదు నిమిషాల పని అన్నాడు. "మీ ఐదు నిమిషాలు నాకు తెలియనివా" అని భార్య అంతోనమ్మ లోపలికి వెళ్లిపోయింది.

కొండమీద వ్యాను ఆగగానే తెరెసా హీరోయిన్‌ని చూడ్డానికి పరిగెత్తింది. సెబాస్టియన్ టీ తాగి వచ్చేసరికి టాపు మీద నీలం సైకిలు లేదు. యూనిట్ వ్యాను మీద ఏముంటే అది షూటింగు సామానే. ఎవరినీ అడగకుండా దించేయడం యూనిట్ వాళ్లకు అలవాటు.

"గట్ల జూస్తవేందన్నా? మీద ఉన్నది దించినం. ఆ ముసలిది ఎందుకని ఇడిసిపెట్టినం" అన్నాడు లైట్‌మన్ భిక్షం.

నీలం ఆకాశంలో కలిసిపోతోందని ఆర్టు అసిస్టెంటు అప్పటికే సైకిలుకు పసుపురంగు కొట్టేశాడు. హీరోయిన్ దాన్ని పట్టుకుని నిలబడగా ఒక షాటూ తీసేశారు. ఒకసారి షాట్‌లో పడ్డ వస్తువు, అది పిన్నీసైనా సరే, సీను పూర్తయ్యేదాకా కదలకూడదు. రెండే షాట్లని ప్రొడక్షన్ మేనేజరు వెంకటరామయ్య సముదాయించాడు. తీరా చూస్తే హీరోయిన్‌కు సైకిలు తొక్కడం రాదు. ఎక్కిన రెండుసార్లూ తిన్నగా పొదలోకి పోయింది. పదికి ఇంక పావుగంటే ఉంది. నాన్న డొక్కు సైకిలుతో గెలవలేనని తెరెసా కళ్లలో నీళ్లు పెట్టుకుంది.

చివరికి తెరెసాయే డైరెక్టరు దగ్గరకు వెళ్లింది. వెనకనుంచే కదా తీసేది, నేను తొక్కుతానంది. గబగబా హీరోయిన్ లంగా ఓణీ చుట్టి, బారెడు సవరం తగిలించారు. కెమెరాతో సహా డైరెక్టరు వ్యాను టాపు ఎక్కాడు. సెబాస్టియన్ స్టీరింగు పట్టాడు. యాక్షన్ అనగానే పిల్ల వాలులో దూసుకుపోయింది. మలుపు దగ్గర ఆగాలి. ఆగలేదు. కట్ అని అరిచినా వినకుండా చర్చి మైదానం దారి పట్టింది.

డైరెక్టరు పైనుంచి టాపు బాదాడు. "తొందరగా పోనివ్వవయ్యా. ఆ పిల్లని ఆపకపోతే రేపట్నుంచి నువ్వు పనిలోకి రావద్దు."

పదిహేనేళ్లలో సెబాస్టియన్ ఏ డైరెక్టరు మాటా కాదనలేదు. ఆ రోజు మాత్రం రెండో గేరు దాటలేదు. ఒక్కో గుంతనూ తప్పిస్తూ, నిండు చూలాలిని ఆస్పత్రికి తీసుకెళ్తున్నంత జాగ్రత్తగా నడిపాడు. పైన డైరెక్టరు డొక్కు సైకిలు హ్యాండిలు పట్టుకుని తిడుతూనే ఉన్నాడు.

వాళ్లు చేరేసరికి పందెం చివరి చుట్టులో ఉంది. ఓణీ నడుముకు దోపుకుని, సవరం గాల్లో ఎగురుతుండగా తెరెసా అందరికంటే ముందుంది. మైదానమంతా చప్పట్లు. బహుమతిచ్చి చెయ్యి కలిపిన ఫాదర్‌గారి అరచెయ్యి పసుపైంది. సెబాస్టియన్ ఏడ్చేశాడు. అందులో సంతోషమెంతో, పోయిన ఉద్యోగమెంతో ఆయనకే తెలియదు.

డైరెక్టరు దిగొచ్చి ఆయన భుజం మీద చెయ్యేశాడు. కెమెరా అసలు ఆపనేలేదట.

"ఇంత కుదుపు లేకుండా బండి నడిపినవాణ్ణి నేను చూళ్లేదయ్యా. నా తర్వాతి సినిమాకీ నువ్వే రావాలి."

సాయంత్రానికల్లా కథ మారింది; హీరోయిన్ సైకిలు పందెం గెలుస్తుందని రాసుకున్నారు. వేసవిలో ఆ సినిమా ఎర్రగడ్డలో, పిచ్చాసుపత్రి దగ్గరి హాల్లో ఆడినప్పుడు ముగ్గురూ వెళ్లారు. పందెం గెలిచిన హీరోయిన్ వెనకనుంచి కనిపించగానే హాలంతా ఈలలు. అంతోనమ్మ పక్కసీటు పెద్దమనిషి వైపు వంగి, "ఆ వీపు మా అమ్మాయిదండీ" అంది.

ఆయన లేచి రెండు సీట్లు అవతలికి వెళ్లి కూర్చున్నాడు.